గీత వచ్చినచోట మోగే గ్లాసు

మా కోడలు గ్లోరియా మొట్టమొదట గెలిచినది ప్రూఫ్‌రీడింగ్ పరీక్ష. రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గింది. రెండుసార్లూ ఆమెను పడగొట్టినది ఒకటే, ఇంగ్లీషులో మాటకూ మాటకూ మధ్య పెట్టే చిన్న అడ్డగీత. హైఫన్ అంటారు దాన్ని. పెట్టాల్సినచోట పెట్టలేదు, అక్కర్లేనిచోట పెట్టింది. మూడోసారి నెగ్గినట్టు ఫోనులో కబురు వచ్చేసరికి ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. చదువుకుని, ఫోను నడుముకు దోపుకుని, బకెట్టులో మిగిలిన బట్టలు కూడా దులిపి ఆరేసి, అప్పుడు లోపలికి వచ్చి చెప్పింది. గెంతడానికి కూడా ఓపిక లేనంతగా చదివింది ఆ పరీక్షకు.

సంఘ వార్షికోత్సవ సంచికకు మనవాళ్ళలో ఒకరి జీవితం రాసివ్వమని పాస్టరుగారు పెద్దలందరినీ అడిగారు. మిగతా పెద్దలు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయినవారి గురించి రాస్తున్నారు. నేను బతికున్న మనిషి గురించి, అందులోనూ మా ఇంటి కోడలి గురించి రాస్తున్నాను. సొంత డబ్బా అంటారు, అననీండి.

నేను, శాంతిరాజును, బుచ్చయ్యపేట దగ్గర పల్లెటూరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. అయినా సుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. చెరకు ఆడే క్రషింగ్ సీజను నడుమ మిల్లు ఆగిపోయి, చెరకు బళ్ళు గేటు బయట బారులు తీరి ఉంటే ఇంజనీరుగారు నన్నే కేకేసేవారు. ఉత్తమ కార్మికుడని ఇచ్చిన షీల్డు మా ఇంట్లో టీవీ పక్కన ఇప్పటికీ ఉంది. మన చర్చికి మైకుసెట్టు కొన్నది నేను కోశాధికారిగా ఉన్నప్పుడే. మన వీధి చివర కల్వర్టు నా చెప్పులరిగితేనే పడింది. విశాఖపట్నం జిల్లా అన్నప్పుడూ మా చోడవరంలో నన్ను ఎరగనివాళ్ళు తక్కువ, ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నప్పుడూ తక్కువే. ఇన్ని చేసినవాణ్ణి నా గురించి రాసుకోక కోడలి గురించి ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో నాకంటే ఎక్కువ అలిసినది ఆమె.

గ్లోరియాది మాడుగుల. వాళ్ళ నాన్న అక్కడ ఒక హల్వా కొట్టులో పొయ్యి దగ్గర మనిషి. చిన్నప్పటినుంచీ తండ్రి చేతులు రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా లేవకపోవడం చూసి పెరిగింది. మాడుగుల నుంచి చోడవరానికి బస్సులో నిలబడి వచ్చి డిగ్రీ చదివింది. బస్టాండు దగ్గర డీటీపీ సెంటరులో పెళ్ళికార్డులు టైపు చేసింది. మా ఆస్టిన్ తన స్నేహితుడి పెళ్ళికార్డు కోసం అక్కడికి వెళ్ళి, ఆ కార్డు పూర్తయ్యేలోగా తన పెళ్ళి కూడా ఖాయం చేసుకుని వచ్చాడు. వాడు అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. పెళ్ళయ్యాకనే ఆమె ఈ పరీక్ష రాసింది.

చెన్నైలో ఒక కంపెనీ ఉంది. విదేశాల్లో అచ్చయ్యే ఇంగ్లీషు పుస్తకాలను అక్షరం అక్షరం చూసి, తప్పులు దిద్ది పంపడం వాళ్ళ పని. ఆ పని ఇంట్లో ఉండే చేసుకోవచ్చు. రాసేవాడు ఏ దేశంలోనో, అచ్చువేసేవాడు ఇంకే దేశంలోనో, తప్పులు పట్టేది మాత్రం చోడవరంలో మా నడిమిగదిలో. ఈ ముక్క నేను చర్చి బయట చాలామందికి చెప్పాను. వినని వాళ్ళకు మళ్ళీ చెప్పాను.

రెండోసారి పరీక్ష పోయినప్పుడు ఎదురింటి నూకరత్నం గోంగూర కట్ట పట్టుకుని వచ్చి కూర్చుంది. పరామర్శకు వచ్చినట్టే వచ్చింది గానీ ముఖంలో వేళాకోళం ఉంది.

"ఏటి కోడలా, అడ్డగీత కోసం రెండుసార్లు పరీచ్చ పోగొట్టుకున్నావట? గీత పెడితే ఏటి, పెట్టకపోతే ఏటి?"

గ్లోరియా గోంగూర ఒలుస్తూ చెప్పింది. "మా నాన్న పనిచేసే కొట్టుని ఇంగ్లీషులో ఓల్డ్ హల్వా షాప్ అని రాసేరనుకో పిన్నీ. గీత లేకపోతే కొట్టు పాతది. ఎన్నాళ్ళనుంచో ఉన్న కొట్టని జనం వస్తారు. ఓల్డ్‌కీ హల్వాకీ మధ్య గీత పెట్టేవనుకో, ఆ రెండూ అతుక్కుంటాయి. హల్వా పాతదైపోద్ది."

"ఓలమ్మో! అయితే గీత పెట్టినోడు కొట్టు మూయించేసినట్టే."

"నేను పెట్టింది అలాంటి గీతే. మరి మార్కులు ఎవరిస్తారు?"

"ఈసారి నువ్వు నన్నడుగు. ఎక్కడెక్కడ పాసిపోయిందో వాసన సూసి సెప్తాను," అని నూకరత్నం పకపకా నవ్వింది. గ్లోరియా కూడా నవ్వింది కానీ ఆకులు ఒలిచే చెయ్యి ఆగిపోయింది.

నూకరత్నం వెళ్ళాక నేను దగ్గర కూర్చుని అడిగాను, ఆ గీతలో అంత కష్టం ఏముందని. ఆమె నాకు విడమర్చి చెప్పింది. వెల్ నోన్ సింగర్ అంటే పేరున్న గాయకుడు. అప్పుడు వెల్‌కీ నోన్‌కీ మధ్య గీత పెట్టాలి. అదే ఆ సింగర్ వెల్ నోన్ అని తిరగేసి చెబితే గీత పెట్టకూడదు. మాటలు అవే, అర్థం అదే. ఒకచోట గీత ఉంది, ఇంకోచోట లేదు.

"చదివినప్పుడు తెలుస్తంది మావయ్యా. పరీక్షలో కూర్చుంటే రెండూ ఒకలాగే కనిపిస్తన్నాయి."

నాకు చెరకు బండి గుర్తొచ్చింది. "అమ్మా, ఎడ్లకు కాడి ఎప్పుడు వేస్తాం? వెనకాల బండి ఉన్నప్పుడు. వెల్, నోన్ రెండూ ఎడ్లు. సింగర్ అన్నది బండి. బండి వెనకాల ఉంటే రెండింటికీ కలిపి కాడి వెయ్యాలి. బండి ముందే వెళ్ళిపోయి వీధిలో నిలబడిపోతే ఇంక కాడి ఎందుకు? ఏ ఎద్దు మేత దానిది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మరి హైలీ పెయిడ్ లాంటివి? లీ తోకున్న మాటలకి బండి ఉన్నా గీత పెట్టకూడదు."

"అది దారి తెలిసిన ఎద్దు. కాడి లేకపోయినా పక్కదాని వెంట నడిచిపోతుంది."

అప్పుడు నవ్వింది చూడండి, పరీక్ష పోయిన తరువాత మొదటిసారి మనసారా నవ్వింది. ఈ కాడి మాటను తరువాత చెన్నైలో కొత్తగా చేరినవాళ్ళకు కూడా చెప్పిందట. మన చెరకు బండి అంతదూరం పోయింది. నేను చేసిన పనుల్లో దీన్నీ కలుపుకుంటున్నాను.

అయితే రూలు తెలియడం వేరు, వందల పేజీల్లో తప్పిపోయిన గీతను కన్ను పట్టుకోవడం వేరు. కన్ను జారిపోతుంది. తను చదవాలనుకున్నదే చదువుకుంటూ పోతుంది. డీటీపీ సెంటరు యజమాని చెప్పాడట, పూర్వం సీసం అక్షరాల ప్రెస్సుల్లో ఒకడు రాతప్రతిని పైకి చదువుతుంటే ఇంకొకడు అచ్చును చూసేవాడని. కామా వస్తే కామా అని, చుక్క వస్తే చుక్క అని చదివేవారట. ఆ మాట పట్టుకుని గ్లోరియా తన అత్తను పక్కన కూర్చోబెట్టుకుంది.

అత్త అంటే నా భార్య మణి. హాస్టల్లో ఉండి ఏడు వరకు చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు, అర్థం మాత్రం తెలియదు. నోన్ అన్న మాటను క్నోన్ అనే చదువుతుంది, ఎన్నిసార్లు చెప్పినా అంతే. గ్లోరియా ఆ ఉచ్చారణకు అలవాటు పడిపోయింది. పాత టాబ్లెట్టులో రచయిత పంపిన ప్రతి మణి చేతిలో, అచ్చుకు వెళ్ళే ప్రతి గ్లోరియా లాప్‌టాప్‌లో. ఈమె చదువుతుంది, ఆమె చూస్తుంది. అలా సాధన చేసే మూడోసారి నెగ్గింది. ఉద్యోగం వచ్చాక కూడా అలాగే కూర్చున్నారు.

సైన్సు పుస్తకాలు వచ్చేసరికి గీతలు ఎక్కువైపోయాయి. ప్రతిదానికీ హైఫన్, హైఫన్ అనలేక మణి గొంతు బొంగురుపోయింది. ఒకరోజు అనడం మానేసి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసును ఉంగరంతో ఠంగున కొట్టింది. గ్లోరియా కన్ను తిన్నగా గీత మీదకు వెళ్ళిందట. చెవి చెబితే కన్ను వింటుంది కాబోలు. ఆ రోజునుంచి మా ఇంట్లో గీతకు గ్లాసు మోగడం మొదలయింది. విడిగా ఉండవలసిన మాటల మధ్య ఊపిరి తీసుకుంటుంది. కలిసిపోయిన మాటైతే గబగబా ఒకే దమ్ములో చదివేస్తుంది. గీత ఉంటే ఠంగ్.

ఆ గ్లాసు మా పెళ్ళినాటి స్టీలు గ్లాసు, మణి అని చుక్కలతో పేరు కొట్టించినది. ఆ ఉంగరం మాత్రం నా చేతిపని. పెళ్ళిలో తొడిగిన బంగారం ఉంగరం ఆదివారాలకు దాచుకుంటుందని, పనిరోజులకు ఒకటి ఉండాలని, ఫ్యాక్టరీలో పారేసిన స్టీలు ముక్కను లేతు మీద తిప్పి తయారుచేశాను. ఆదివారం బంగారంది పెట్టుకున్నా దీన్ని తియ్యలేదు. ఇన్నేళ్ళలో ఒక గీటు కూడా పడలేదు దాని మీద.

ఒకరోజు చదువుతూ చదువుతూ మణి ఆగింది. ఒక్క మాటలోనే గ్లాసు రెండుసార్లు మోగింది.

"ఇదేటే గుంటా, మదర్ తరవాత గీత, ఇన్ తరవాత గీత, ఆనక లా?"

"అత్త అని అర్థం అత్తా. మదర్-ఇన్-లా."

"మరి అమ్మకి?"

"అమ్మకి గీత లేదు. ఊరికే మదర్."

"సూసేరేటండీ!" అని మణి నన్ను కేకేసింది. "ఇంగిలీసోల్లు అమ్మకి ఒక్క గీతా పెట్టనేదట. అత్తకి రెండట!"

"అమ్మ ఎక్కడికీ పోదత్తా. అత్తనే రెండుచోట్ల కట్టి ఉంచాల."

"నన్ను కట్టడానికి నువ్వెవతివే? సదువు, సదువు. బండి పోతంది," అంది మణి. చదవవలసినది తనే అన్న సంగతి మరిచిపోయింది.

ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, స్త్రీల సమాజం ఆదివారంనాడు మణికి వాక్యపఠనం వంతు వచ్చింది. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. తెలుగే చదువుతోంది. కానీ రెండు మాటలు కలిసిన పెద్ద మాట వచ్చినప్పుడల్లా స్టీలు ఉంగరమున్న వేలు దానంతటదే లేచి మైకు కడ్డీని ఠంగున కొట్టింది. స్పీకర్లు తుపాకి గుళ్ళు పేలినట్టు మోగాయి. పాస్టరుగారు పైకప్పు వైపు చూశారు. మైకుసెట్టు కొన్నవాణ్ణి కదా, నేను లేచి వైర్ల దగ్గరకు పరిగెత్తాను. వెనక వరసలో గ్లోరియా కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. ఆ రోజు మోత ఏమిటో సంఘానికి ఇప్పుడు తెలుస్తోంది. మైకుసెట్టులో ఏ లోపమూ లేదు.

ఇలా చెబితే మా ఇల్లు నవ్వులతో నడిచిందనుకుంటారు. లేదు. ఎక్కువ రోజులు అలసటతోనే నడిచింది. ఒక పుస్తకాల కంపెనీ ఒక మాటకు గీత కావాలంటుంది, ఇంకో కంపెనీ అదే మాటకు వద్దంటుంది. ఐస్-క్రీముకు వెనకటికి గీత ఉండేదట, డిక్షనరీ కొత్తగా అచ్చువేసి తీసేశారట. ఈమెయిలుకూ అంతే, మొదట గీతతో ఉండి తరువాత ఏకమైపోయింది. నేర్చుకున్నది మరచిపోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. గ్లోరియా పొద్దున్న అన్నం వార్చి కూర్చుంటే నడుము పట్టేసేదాకా లేచేది కాదు. మణి గొంతుకు మిరియాల పాలు, గ్లోరియా కళ్ళకు తడిగుడ్డ. కరెంటు పోతే ఇద్దరూ ఆ చీకటి గదిలోనే గోడకు చేరబడి నిద్రపోయేవారు. కరెంటు వస్తే నేనే లేపేవాణ్ణి. లేపాలనిపించేది కాదు.

మొన్న క్రిస్మస్‌కు ముందు కంపెనీ కొత్త నియమం పెట్టింది. అచ్చుకు వెళ్ళకముందు పుస్తకాన్ని ఇంకొకరు చూడకూడదు, వినకూడదు. ఇంట్లో పనిచేసేవాళ్ళు తలుపున్న గదిలో ఒంటరిగా కూర్చోవాలి, కెమెరా తెరిచి ఉంచాలి. మా నడిమిగదికి ఇల్లు కట్టిన నాటినుంచి తలుపు లేదు, కర్టెనే. గ్లోరియా అత్తకు నచ్చజెప్పి, తనే ఒంటరిగా కూర్చుంది. ఆ వారమే పేజీలు వెనక్కి వచ్చాయి, గీతలు తప్పాయని. మళ్ళీ దిద్దింది, మళ్ళీ వచ్చాయి. నాలుగో రోజు పొద్దున్న మణి ఎవరూ పిలవకుండానే టాబ్లెట్టు, గ్లాసు పట్టుకుని వెళ్ళి బల్ల కింద నేలమీద కూర్చుంది.

"అత్తా, వద్దు. కెమెరా ఉంది."

"కెమేరా బల్ల మీదుంది. నాను కిందనున్నాను. అది వంగి సూస్తాదేటి?"

గ్లోరియా ఇంకోసారి వద్దనలేదు. అనడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

అలా కొన్నాళ్ళు గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం లాప్‌టాప్‌లో పైఅధికారి పిలిచింది. ఆమె పేరు కనకదుర్గ, మన విశాఖ మనిషే, చెన్నైలో స్థిరపడింది. గ్లోరియా హెడ్‌ఫోను చెవికి తగిలించుకునేలోగానే గొంతు గదిలోకి వచ్చేసింది. మణి చదువులో మునిగి ఉంది. గ్లాసు మోగింది. నేను గుమ్మంలో కర్టెన్ పట్టుకుని నిలబడి ఉన్నాను, అంతా చూశాను.

"గ్లోరియా, అక్కడ ఏదో మోగుతోంది?"

మణి వేలు గాలిలోనే ఆగిపోయింది. కిందనుంచి వంటింటి వైపు చూపిస్తూ, పెదాలతో "వంటిల్లని సెప్పు, వంటిల్లని సెప్పు" అంటోంది.

గ్లోరియా కళ్ళు మూసుకుని తెరిచింది. "మా అత్త, మేడమ్. ఆవిడ చదువుతారు, నేను చూస్తాను. గీత వస్తే గ్లాసు కొడతారు. మొదటినుంచీ అంతే."

కనకదుర్గ గొంతు తగ్గించింది.

"నేను వినలేదనుకుని ఊరుకునేదాన్ని కదమ్మా. ఎందుకు చెప్పావు?"

"మోగింది కదా మేడమ్. ఇంక దాన్ని దాచే ఓపిక లేదు నాకు."

కనకదుర్గ మంచి మనిషి. పైవాళ్ళతో మాట్లాడి ఒక దారి చూపించింది. గ్లోరియా చెన్నై ఆఫీసుకు రావాలి, రెండు నెలలు అందరి మధ్య ఒంటరిగా పనిచేసి చూపించాలి. తప్పులు హద్దులో ఉంటే ఇంటికి వెళ్ళి, తలుపున్న గదిలో అదే ఉద్యోగం చేసుకోవచ్చు. లేకపోతే ఉద్యోగం లేదు.

ఆ సాయంత్రం ఆస్టిన్ షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే విన్నాడు.

"మానేయ్. ఏటయిపోద్ది? నీ ముఖం అద్దంలో సూసుకున్నావా? నీరసంతో సచ్చిపోయేలాగున్నావు."

"మూడుసార్లు రాసేను ఆ పరీక్ష. మానడానికి రాయలేదు."

"అక్కడ నెగ్గకపోతే?"

"అప్పుడు నువ్వు మానమనక్కర్లేదు. వాళ్ళే మానిపిస్తారు."

వాడు నా వైపు చూశాడు. ఫ్యాక్టరీలో మిల్లు ఆగితే ఎక్కడ విరిగిందో నాకు తెలిసేది. ఇక్కడ ఏమీ విరగలేదు, అందరూ అరిగిపోయారంతే. 

జనవరిలో, కొత్త సంవత్సరపు ఆరాధన అయిన తరువాత, నేనూ మణీ ఆమెను అనకాపల్లిలో రైలెక్కించాం. చెరకు లారీలు రోడ్డంతా ఆక్రమించి ఉంటే ఆటోలో స్టేషనుకు చేరేసరికే ముగ్గురమూ డస్సిపోయాం.

మొదటి వారాల ఫోన్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు దిగులే. హాస్టల్లో అన్నం తినే వేళ చేసేది.

"ఎలగుందే?" అని మణి.

"బాగుందత్తా."

"తప్పులో?"

"ఉన్నాయి."

"సానా?"

"ఇవాళ సింగర్ కాదు, రైతులు. స్మాల్ స్కేల్ ఫార్మర్స్ అని పుస్తకం నిండా ఉంది. బండి ఎదురుగానే ఉంది, కాడి వెయ్యడం మర్చిపోతన్నాను. మావయ్యకి చెప్పకు."

నేను పక్కనే ఉన్నాను. విననట్టు పేపరు తిరగేశాను.

ఒకరోజు గ్లోరియా చెప్పింది, ఆఫీసులో తనే లోలోపల చదువుకుంటూ, పెళ్ళి ఉంగరంతో బల్లను కొట్టి చూశానని. "బంగారం కదత్తా, మోగట్లేదు. టక్ మంటంది, చెవికి తెలియట్లేదు."  మణి ఫోను పెట్టేసి వేలికి సబ్బు రాసుకుంది. ఉంగరం ఎముక దగ్గర పట్టేసింది. ఇన్నేళ్ళుగా తీసినది కాదు. నేనే నూనె వేసి, ఫిట్టరుకు తెలిసిన ఉపాయాలన్నీ వాడి, చర్మం కొంచెం లేచినా చివరికి ఊడదీశాను. వేలి చుట్టూ తెల్లటి మచ్చ మిగిలింది. గ్లాసును తువ్వాలులో చుట్టి, ఉంగరాన్ని దాని లోపల వేసి, పైన వియ్యంకుడు పంపిన మాడుగుల హల్వా డబ్బా పెట్టి, నేనే కొరియరు ఆఫీసుకు తీసుకెళ్ళాను.

"గ్లాసు ఎందుకు అంకుల్, చెన్నైలో దొరకదా?" అన్నాడు అక్కడి కుర్రాడు.

"ఇలా మోగేది దొరకదు," అన్నాను.

ఉంగరం ఆమె వేళ్ళకు వదులైందట, బొటనవేలికి పెట్టుకుంది. గ్లాసు కింద చేతిరుమాలు మడిచి పెట్టి, అందరికీ వినపడకుండా, తన చెవికి మాత్రం అందేలా కొట్టుకుందట. పెదాలు కదుపుతూ తనే అత్త అయింది, కళ్ళతో తనే కోడలు అయింది. పక్క సీటువాళ్ళు మొదట్లో నవ్వారట. తరువాత ఒకమ్మాయి తనకూ ఒక గ్లాసు తెచ్చుకుందట. తప్పులు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా తగ్గాయి. ఫోనులో ఆమె గొంతు బాగుపడుతుందని ఎదురుచూశాను. అది మాత్రం బాగుపడలేదు. గెలుస్తున్నా అలిసే ఉంది.

గత వారం కనకదుర్గ స్వయంగా ఫోను చేసింది, నాకే చేసింది.

"మీ కోడలి పని హద్దులోకి వచ్చిందండీ. ఇక్కడే ఉండిపోతావా, మంచి సీటు ఇస్తాం అన్నాను. ఇంటికి పోతాను మేడమ్ అంది, ఇంకో మాట లేదు. పంపిస్తున్నాం. కానీ తలుపు మాత్రం పెట్టించాలండీ. లోపల తను తప్ప ఎవరూ ఉండకూడదు. ఈసారి నేను కూడా ఏమీ చెయ్యలేను."

"తలుపు నేనే పెడతానమ్మా. నేను ఫిట్టరును," అన్నాను. నా షీల్డు సంగతి కూడా చెప్పాను. ఓపికగా విన్నది.

వడ్రంగి సత్యారావు తలుపు చేసి ఇచ్చాడు. ద్వారబంధానికి మడతబందులు బిగించడం, గడియ అమర్చడం నేనే చేశాను. డెబ్బై రెండేళ్ళ చేతులు స్క్రూడ్రైవరు తిప్పితే అరగంటకొకసారి ఆగి కూర్చోవలసి వస్తుంది. మణి అటూ ఇటూ తిరుగుతూ చూస్తోంది. పాత కర్టెన్ ఊడదీసి మడిచి చంకలో పెట్టుకుంది.

"పెట్టండి, పెట్టండి. బాగా బిగించండి. ఆ గుంట లోపల, నాను బయట. మీకు ఇంకో షీల్డు ఇస్తారు."

"ఉద్యోగం నిలిచింది కదే. ఇంటికి వస్తోంది కదే."

"వస్తంది. నాను వద్దన్నానేటి? ఇంతకుముందు వస్తే నా పక్కకి వచ్చేది. ఇప్పుడు తలుపవతలకి వస్తంది."

 గడియ సరిగా పడుతోందో లేదో ఒకటికి నాలుగుసార్లు వేసి తీశాను. చప్పుడు లేకుండా పడింది. నా పని ఎప్పుడూ అంతే.

సాయంత్రం టీ కోసం వెతికితే మణి వంటింట్లో లేదు. కొత్త తలుపు బయట, దానికి వీపు ఆనించి నేలమీద కూర్చుని ఉంది. బోసివేలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"సూస్తన్నాను. ఇక్కడ కూకుంటే లోపల మోత ఇనబడతాదో నేదో."

"వినకూడదంటున్నారే వాళ్ళు."

"పుస్తకం ఇనకూడదు. గ్లాసు మోతలో ఏ పుస్తకం ఉంటాదేటి? ఏటీ సదవను, ఏటీ అడగను. బీన్సు ఒలుసుకుంటూ కూకుంటాను. మోగుతుంటే గుంట పనిలో ఉన్నాదనుకుంటాను. మోత ఆగితే మంచినీళ్ళు కావాలేమో అని లేస్తాను. మీరు ఒకసారి లోపలికి ఎల్లి తలుపేసుకుని ఏదో ఒకటి కొట్టండి."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. గ్లాసు ఇంకా చెన్నైలోనే ఉంది. టిఫిను మూత దొరికింది, స్క్రూడ్రైవరుతో దాన్ని ఒక దెబ్బ కొట్టాను.

"ఇనబడింది," అంది బయటనుంచి. "ఇంకోటి కొట్టండి."

ఇంకోటి కొట్టాను. నాకు కాళ్ళు లాగుతున్నాయి, అయినా ఆమె చాలనేదాకా కొడుతూనే ఉన్నాను.

ఈ వ్యాసం సంచికకు అందేసరికి ఆమె ఇంకా చెన్నైలోనే ఉంటుంది. స్టేషనుకు ఆస్టిన్ సెలవు పెట్టి వస్తానన్నాడు. నూకరత్నం గోంగూర ఉంచానని కబురు పంపింది. మణి వేలి మచ్చ ఇంకా తెల్లగానే ఉంది, ఉంగరం వచ్చేదాకా అలాగే ఉంటుందంటుంది. కోడలు టికెట్టు తీసుకుందట. గ్లోరియా అనకాపల్లిలో దిగేది 2026 మార్చి ఏడో తేదీ, శనివారం పొద్దున్న.